గోతిలో కనిపించిన క్రేను

1995 ఆగస్టులో నన్ను ఉక్కు కర్మాగారం శిక్షణ కేంద్రం నుంచి ఫోటో సెక్షనుకి సీనియర్ ఫోటోగ్రాఫరుగా బదిలీ చేశారు. పేరు గొప్పగా వినిపిస్తుంది గానీ సెక్షనంటే రెండు గదులు, ఒక డార్కురూము, కిటికీకి తగిలించిన ఒక పాత ఏసీ. పొద్దున్న గేటు పాసులకి ఫోటోలు తీయాలి. ఎవరైనా పెద్దలొస్తే మధ్యాహ్నం పూలగుత్తులిచ్చే ఫోటోలు. ఏదైనా యంత్రం విరిగితే, విరిగిన ముక్క పక్కన స్కేలు పెట్టి తీసే ఫోటోలు. ఉద్యోగంలో చేరకముందు నేను గాజువాకలో ఆరేళ్ళు స్టూడియో నడిపాను. ఎదురుగా మనిషి కనిపిస్తే చాలు, "గడ్డం కొంచెం పైకెత్తండి" అనాలనిపిస్తుంది. స్టూడియోవాడి అలవాట్లు నాకు అంత తొందరగా వదల్లేదు. వాటిలో ఒకటి నా కొంప ముంచబోయిన వైనమే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ డిసెంబరులో మా శాఖ డిప్యూటీ మేనేజరు మూర్తిగారు పిలిచి ఒక పని అప్పగించారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉద్యోగుల కుటుంబాలకి కర్మాగారం లోపల ఎలా ఉంటుందో చూపించాలి. ఉక్కు కరిగించే షాపులోకి ఇంటివాళ్ళని తీసుకెళ్ళడానికి భద్రతా విభాగం ఒప్పుకోదు. షాపంటే మా వాడుకలో ఒక పెద్ద విభాగం, ఒక్కోటి ఒక ఊరంత ఉంటుంది. అందుకని ఉక్కునగరంలో ఒక హాలు తీసుకుని స్లైడు షో వెయ్యాలి. ముప్పై స్లైడులు, అరగంట సేపు, వెనక సన్నాయి. చాలా మామూలు పని. దాన్ని మామూలుగా ఉండనివ్వనిది నేనే.

అందుకు కారణం నూకరాజు. అతను లేడిల్ క్రేను ఆపరేటరు. కరిగిన ఉక్కును మోసే పెద్ద గంగాళంలాంటి పాత్రని లేడిల్ అంటారు. దాన్ని ఎత్తి పట్టుకెళ్ళే క్రేను షాపు కప్పు కింద, గోడల పొడుగునా వేసిన పట్టాల మీద నడుస్తుంది. ఆపరేటరు కూర్చునే కేబిను ఆ క్రేనుకి వేలాడుతూ ఉంటుంది, నేల నుంచి ఏడెనిమిది అంతస్తుల ఎత్తులో. కేబినులో ఉండగా అతని ఫోటో తీసి ప్రింటు వేసి ఇచ్చాను. ముచ్చటపడతాడనుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇదేటి సార్, నాను రోడ్డు పక్క బడ్డీలో కూకున్నట్టుంది. ఇది మా అయ్యకి సూపిత్తే ఇంకా నవ్వుతాడు."

వాళ్ళ అయ్య పేరు మసేను. ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేస్తాడు. నలభై ఏళ్ళు వేటకెళ్ళి, మోకాళ్ళు మొరాయించాక ఒడ్డున వలల పనికి కూర్చున్నాడు. ఆ ఇంట్లో మగవాళ్ళందరూ సముద్రం మీదకి పోయినవాళ్ళే. నూకరాజు ఒక్కడూ ఐటీఐ చదివి కర్మాగారంలో చేరాడు. కొడుకేం చేస్తున్నాడని ఎవరడిగినా ముసలాయన చెప్పే మాట ఒకటే. "మావోడిది కుర్సీ ఉజ్జోగం. కూకుని పిడి తిప్పుతాడు." తొమ్మిదేళ్ళుగా అదే మాట, హార్బర్‌లో పదిమంది ముందూ అదే మాట. నూకరాజు పైకి నవ్వేవాడు గానీ లోపల అది గుచ్చుకునేది. తను కూర్చునే చోటు అయ్య ఒక్కసారి చూడాలి, అంతే అతని కోరిక. గేటు దాటి తీసుకెళ్ళే వీల్లేదు. ఫోటోలో ఎత్తు తెలియదు. ఇంటివాళ్ళని పిలిచి చూపించడం కర్మాగారంలో అదే మొదలు, మళ్ళీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"మీ అయ్యకి నేను చూపిస్తాను" అనేశాను. ఎలాగన్నది అప్పటికి నాకూ తెలియదు. నోరు ముందు, బుర్ర వెనక. మా ఆవిడ ఈ మాట నా గురించి పెళ్ళయిన వారానికే కనిపెట్టింది.

ఎత్తు, లోతు కనబడాలంటే బొమ్మ రెండు కళ్ళకీ వేరువేరుగా అందాలి. మన కళ్ళ మధ్య దూరం సుమారు రెండున్నర అంగుళాలు. అందువల్ల కుడికన్ను చూసేది, ఎడమకన్ను చూసేది ఒకటి కావు. ఆ తేడాని బట్టే ఏది దగ్గరో ఏది దూరమో మనకి తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించబోతే విషయం బోధపడుతుంది. చిన్నప్పుడు మా ఊరి తీర్థంలో, రెండు కటకాలున్న ఒక బొమ్మల పెట్టెలో కళ్ళు పెట్టి ఏనుగును చూశాను. తొండం నా ముక్కుకి తగులుతుందేమోనని వెనక్కి జరిగి, వెనక నిలబడ్డవాడి కాలు తొక్కి తిట్లు తిన్నాను. ఆ పద్ధతినే స్టీరియో అంటారు. ఆ ఏనుగు గుర్తొచ్చి మూర్తిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాసేపు ఆలోచించి, తలనొప్పి తెప్పించకుండా చూపించగలిగితే సరేనన్నారు. ఆ షరతు అప్పుడు నాకు చిన్నదిగానే కనిపించింది.

మొదటి ప్రశ్న, ఏ కెమెరా? పోర్టు దగ్గర ఉండే ఒక రిటైరైన షిప్పు ఇంజనీరు దగ్గర, ఒకే ఒంటికి రెండు కటకాలున్న పాత స్టీరియో కెమెరా ఉంది. ఆయన దాన్ని పసిపిల్లని అప్పజెప్పినట్టు నా చేతుల్లో పెట్టాడు. చూడ్డానికి ముద్దొచ్చేది. కానీ నలభై ఏళ్ళ ఉప్పుగాలికి ఒక షట్టరు బద్ధకించింది. ఎడమ బొమ్మ పగటిలా, కుడి బొమ్మ సాయంత్రంలా వచ్చాయి. పైగా దాని స్లైడు వెడల్పు వేరు, మా ప్రొజెక్టర్లలో పట్టదు. దండం పెట్టి తిరిగిచ్చేశాను.

రెండో దారి, ఉన్న ఒక్క కెమెరానే ఒక పట్టీ మీద బిగించి, ఒకసారి తీసి, రెండున్నర అంగుళాలు పక్కకి జరిపి మళ్ళీ తీయడం. కదలని వస్తువుకి ఇంతకంటే సులువైనది లేదు. పరీక్ష కోసం ఒక ఆదివారం తెల్లవారుతూనే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. బోట్ల వరసలు, ఒకదాని వెనక ఒకటి కొయ్యలు, లోతు చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదనుకున్నాను. నూకరాజు తోడొచ్చాడు. మసేనుని నేను మొదటిసారి చూసింది అక్కడే. నీలం వల గుట్ట మధ్య కాళ్ళు చాపుకుని, కళ్ళజోడు వల దారంతో చెవులకి కట్టుకుని కూర్చున్నాడు. నేను ప్రతి బొమ్మా రెండేసిసార్లు తీయడం కాసేపు గమనించాడు.

"ఏటి బాబూ, ఒక్కసారి సరిగ్గా తియ్యడం రాదేటి?"

నేను వివరం చెప్పబోతే చేత్తో ఆపాడు. "నువ్వు జరిగీలోపు బోటూ జరుగుతాది గదా. దానికి సెప్పినావేటి, ఉండమని?"

ఆ మాట పట్టించుకోలేదు నేను. స్లైడులొచ్చాక చూస్తే ముసలాయన చెప్పిందే నిజం. మొదటి బొమ్మకీ రెండో బొమ్మకీ మధ్య ప్రతి బోటూ తన ఇష్టమొచ్చినట్టు ఊగింది. దగ్గరి బోటు దూరానికీ, దూరపుది ముందుకీ వచ్చేశాయి. ఒక కాకి ఎడమ బొమ్మలో ఉండి కుడి బొమ్మలో లేదు, చూస్తుంటే గాల్లో దెయ్యంలా మెరిసింది. ఉక్కు కరిగించే షాపులో ఏదీ ఒక్క క్షణం నిలవదు. కాబట్టి ఈ దారీ మూసుకుపోయింది.

మిగిలింది మూడోది: ఒకే మోడలు కెమెరాలు రెండు పక్కపక్కన బిగించి, ఒకే క్షణంలో రెండూ నొక్కడం. దీనికి కొన్ని నియమాలున్నాయి. కటకాలు రెండూ ఒకే కొలతవి, స్థిరమైనవి కావాలి. జూము పనికిరాదు, రెండింటినీ ఒకే చోట ఆపడం బ్రహ్మతరం కాదు. వెలుగుని తనే కొలుచుకునే ఆటోమేటిక్ కెమెరా అసలే వద్దు. ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా అనుకుంటే రెండు కళ్ళకీ తగువు. అంతా చేత్తో తిప్పే పాత రకం కెమెరాలే నయం. అలాంటివి రెండు కావాలని ఇండెంటు పెడితే, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు లేని సెక్షనుకి రెండు కెమెరాలెందుకని స్టోర్సు ఆఫీసరు రాసి పంపాడు. మూర్తిగారు స్వయంగా వెళ్ళి అతన్ని ఒక కన్ను మూసుకుని అగ్గిపుల్ల గీసి సిగరెట్టు వెలిగించమన్నారు. కెమెరాలు వచ్చాయి.

వాటిని బిగించే ఇనుప పట్టీ ఆటోనగర్‌లో చేయించాను. అక్కడి లేతు మేస్త్రి నా చిన్ననాటి స్నేహితుడు. కెమెరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి పకపకా నవ్వాడు.

"ఏటి బావా, ఈటికి పెళ్ళి సేత్తన్నావేటి? పసుపు తాడు నానే కడతాను."

కట్టాడు కూడా. అరగంటలో వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టీ చేసి, రెండు కేబుళ్ళని ఒక్క మీటకి కలిపి ఇచ్చాడు. ఒక చిక్కు మిగిలింది. కెమెరాలు పక్కపక్కన చేరితే వాటి కటకాల మధ్య దూరం అయిదున్నర అంగుళాలు, మన కళ్ళ దూరానికి రెట్టింపు పైన. దానివల్ల లోతు అతిగా కనిపిస్తుంది, దగ్గరి మనుషులు బొమ్మల కొలువులో బొమ్మల్లా చిన్నగా అవుతారు. ఈ పనిలో ఉన్న లెక్క ప్రకారం, కటకాల దూరానికి ముప్పై రెట్లలోపు ఏ వస్తువూ ఉండకూడదు. అంటే మాకు పధ్నాలుగు అడుగులు. ఇరుకు గదిలో అది శాపమే గానీ ఏడంతస్తుల షాపులో వరం. నాకు కావలసింది ఆ అతి లోతే.

రెండో ప్రశ్న, ఏ ఫిల్ము? స్లైడు ఫిల్ములో నెగటివు ఉండదు, కెమెరాలో పడ్డ బొమ్మే రంగులతో తెరమీదికొస్తుంది. తప్పు చేస్తే ప్రింటులో దిద్దుకునే వీలు లేదు, వెలుగు అర గీత ఎక్కువైనా బొమ్మ వెలిసిపోతుంది. మా పనివాళ్ళు ఫిల్ములని డబ్బా రంగుతో పిలిచేవాళ్ళు. పసుపు డబ్బా మనిషి చర్మానికి మంచిది, ఆకుపచ్చ డబ్బా ఆకుకి, ఆకాశానికి. షాపు చీకటి కదా అని ముందు నాలుగు వందల వేగం ఫిల్ము వాడాను. వేగం ఎక్కువైతే తక్కువ వెలుగు చాలు గానీ ఫిల్ములో బొమ్మని ఏర్పరచే రేణువు లావవుతుంది. మామూలు ఫోటోలో ఆ రేణువుని ఎవరూ పట్టించుకోరు. స్టీరియోలో మాత్రం అది ఘోరం. రెండు ఫిల్ముల్లో రేణువులు ఒకలా ఉండవు కాబట్టి, చూసేవాడికి గాల్లో ఎవరో ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. యాభై వేగం ఫిల్ములో రేణువు కనబడదు గానీ దానికి కావలసినంత సేపు షట్టరు తెరిచి ఉంచితే లేడిల్ నీడలా అలుక్కుపోయింది. చివరికి వంద దగ్గర రాజీపడ్డాను. పసుపు డబ్బాలో వందది. కరిగిన ఉక్కు నారింజ రంగుని అది పాడుచేయలేదు.

ఒకే డబ్బా రంగు చాలదు. డబ్బా మీద చిన్న అక్షరాలతో ఒక బ్యాచి నంబరు ఉంటుంది. రెండు కెమెరాల్లోనూ ఒకే బ్యాచి పడకపోతే ఎడమకన్నుకి ఉక్కు ఎర్రగా, కుడికన్నుకి పసుపుగా కనబడుతుంది. పట్నమంతా తిరిగి ఒకే నంబరువి ఎనిమిది రోళ్ళు పట్టుకొచ్చి ఫ్రిజ్జులో పెట్టాను. మన ఊరి తేమకి అదే మందు. వాడే ముందు గంటసేపు బయట ఉంచి గానీ డబ్బా విప్పకూడదు, లేకపోతే లోపల చెమ్మ పట్టేస్తుంది. మా ఆవిడకి ఈ శాస్త్రమంతా చెబితే శ్రద్ధగా విని అంది:

"ఇందల మీ ఫిల్ములుంటాయో నా సేపలుంటాయో తేల్చీయండి. రెండూ ఉండవు."

మూడు వారాలు చేపలు ఏ పూటవి ఆ పూటే వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ మూడు వారాల్లో మా ఇంట్లో తిన్నంత తాజా చేప మళ్ళీ తినలేదు.

షూటింగు జనవరి ఆఖర్లో ఒక మంగళవారం. కెమెరాల అడుగున 'ఎ', 'కు' అని చీటీలు అంటించాను. ఎ అంటే ఎడమది, కు అంటే కుడిది. పొద్దున్న నేల మీద నుంచి ఇరవై ఒక్క జతలు తీశాను, ఒక్క అవాంతరం లేదు. భోజనాలయ్యాక కెమెరాలు పట్టీ నుంచి విప్పి సంచిలో వేసుకుని, క్రేనుకి ఎదురుగా, కప్పు కింద ఉన్న నడక దారి మీదికెక్కాను. నూకరాజు కేబిను, దాని కింద వేలాడే లేడిల్, ఇంకా కింద నేల మీద మనుషులు, అన్నీ ఒకే బొమ్మలో పడే చోటు అది. అక్కడ దారి ఎంత ఇరుకంటే, మూడుకాళ్ళ స్టాండు వెనక నిలబడి రెండు చేతులూ వాడే వీల్లేదు. ముందుకి తిరిగి, కటకాల వైపు నిలబడి, కెమెరాలు మళ్ళీ పట్టీకి బిగించాను. నా ఎడమచేతి వైపు 'ఎ', కుడిచేతి వైపు 'కు'. స్టూడియోవాడు ఎప్పుడూ కెమెరాకి ఎదురుగా ఉన్నవాడి ఎడమ ఏదో, కుడి ఏదో చూసుకుంటాడు గానీ కెమెరాది చూసుకోడు. వెనక్కొచ్చి మీట నొక్కాను. ఆ మధ్యాహ్నం పదకొండు జతలు అలాగే తీశాను. కేబిను కిటికీలోంచి నూకరాజు చెయ్యూపాడు. చక్కగా వచ్చిందని ఉప్పొంగిపోతూ కిందికి దిగాను.

ఫిల్ములు చెన్నైలో ఒక లాబుకి పంపాను, జతలన్నీ ఒకే తొట్టిలో ఒకేసారి కడగమని చీటీ రాసి. వాళ్ళు ముత్యాల్లా కడిగి పంపారు. షోకి రెండు రోజుల ముందు, శుక్రవారం చేతికొచ్చాయి. రాత్రికల్లా గాజు ఫ్రేముల్లో అమర్చేశాను. హాల్లో రెండు ప్రొజెక్టర్లు పెట్టాం. ఒక్కోదాని ముందు ఒక్కో ఫిల్టరు, అదే ఫిల్టరు ముక్కలతో చేసిన అట్ట కళ్ళజోళ్ళు చూసేవాళ్ళకి. ఎడమ ప్రొజెక్టరు బొమ్మ ఎడమకన్నుకే, కుడిది కుడికే అందించే ఏర్పాటు అది. తెల్ల తెర మీద ఈ ఫిల్టర్ల ఆట సాగదు, వెండి రంగు తెర కావాలి. అది దొరక్క, పైపులకి వేసే అల్యూమినియం రంగు స్టోర్సు నుంచి తెచ్చి ప్లైవుడ్డు మీద రెండు పూతలు వేయించాను. దివ్యంగా పనిచేసింది.

శనివారం ట్రయలు. మొదటి ఇరవై బొమ్మలకి మూర్తిగారు చిన్నపిల్లాడిలా చేతులు చాపి నిప్పురవ్వలు పట్టుకోబోయారు. తరవాత కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నారు. "తల పోటెత్తుతోందయ్యా. ఇలా అయితే రేపు వద్దు. మామూలు స్లైడులు వేసేద్దాం" అన్నారు.

తలనొప్పి వచ్చిందంటే ప్రొజెక్టర్లలో ఒకటి ఎత్తుగానో పల్లంగానో ఉందని మా పనిలో మొదటి అనుమానం. రోజంతా వాటి కాళ్ళ కింద అట్టముక్కలు పెడుతూ, తీస్తూ గడిపాను. లాభం లేదు. స్లైడుల్లో తేడా ఉందేమోనని రెండు కటకాల చేతి వ్యూయర్లో ఒక్కో జతా చూశాను. అన్నిసార్లు చూసిన బొమ్మలు కావడంతో ఎలా పెట్టినా నాకు సరిగ్గానే కనబడేవి. నాకు కావలసింది నేనే ఊహించుకుని చూసేస్తున్నాను. పొద్దున్న పదిన్నరదాకా గడువివ్వమని మూర్తిగారిని బతిమాలుకున్నాను.

షో పదకొండింటికి. తొమ్మిదింటికే నూకరాజు వాళ్ళ అయ్యని తీసుకొచ్చేశాడు. హార్బర్‌లో చేపల బేరం తెల్లవారకముందే మొదలై ఎనిమిదికల్లా సర్దుకుంటుంది కాబట్టి వాళ్ళకి తొమ్మిదంటే ఎండెక్కినట్టే. ఇస్త్రీ చొక్కాలో ముసలాయన బిగుసుకుపోయి ఉన్నాడు. నా మొహం చూసి నూకరాజుకి విషయం అర్థమైంది.

"అవదేటి సార్?" అన్నాడు. అది తిట్టు కంటే ఎక్కువ బాధ పెట్టింది.

కింద లైటు వెలిగే గాజు బల్ల మీద నేను జతలన్నీ పక్కపక్కన పరిచి ఉంచాను. మసేను ఆ వెలుగు చూసి దగ్గరకొచ్చి, దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. చూపు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. కాసేపటికి అతని వేలు ఒక జత మీద ఆగింది.

"ఇది బాగుంది. లోపలికెల్లింది." పక్క జత మీదికి వెళ్ళింది వేలు. "ఇది బాలేదు బాబూ. ముందుండాల్సింది ఎనక్కెల్లింది. గొయ్యి బోర్లా పడింది."

నేను నోరు తెరిచాను. వ్యూయరు లేకుండా, ఉత్త కళ్ళతో, రెండు స్లైడులని ఒకటిగా కలిపి చూస్తున్నాడాయన. అలా చూడగలిగినవాళ్ళు ఉంటారని పుస్తకంలో చదివాను. నేను నెలరోజులు ప్రయత్నించి మెల్లకన్ను తెచ్చుకోవడం తప్ప సాధించింది లేదు. ఎలా వచ్చిందని అడిగాను. వలలో ఒక్కో గడినీ వాళ్ళు కన్ను అంటారు.

"రోజంతా వల మీదే గదా సూపు. సూపు ఒదిలేత్తే ఒక కన్నెల్లి పక్క కన్ను మీద కూకుంటాది. అప్పుడు వలంతా నూతిలోకి దిగినట్టు దిగిపోతాది. తెగిన కన్నొక్కటీ మినుకుమినుకుమంటాది. మనం ఎతకక్కర్లేదు, అదే సెప్తాది. మా ఓళ్ళందరం అలాగే సూత్తాం. ఇదేటి సదువా?"

కుర్చీ తెచ్చి వేశాను. ఆయన ఒక్కో జతా చూసి "బాగుంది", "బాలేదు" అనడం, బాగాలేనివి నేను పక్కన పెట్టడం. అరగంటలో ముప్పై రెండు జతలూ అయిపోయాయి. బాగాలేనివి పదకొండు. ఆ పదకొండూ చేతిలోకి తీసుకుని చూస్తే అన్నీ మధ్యాహ్నంవే, అన్నీ ఆ ఇరుకు దారి మీద నుంచి తీసినవే. అప్పుడు నా చేతులు నాకు కనిపించాయి: కటకాలకి ఎదురుగా నిలబడి, నా ఎడమ వైపున 'ఎ' బిగిస్తూ. కెమెరాకి అది కుడి. అంటే కుడికన్ను చూడాల్సింది ఎడమకన్నుకీ, ఎడమది కుడికీ ఇచ్చాను. అలా తారుమారైతే దగ్గర దూరమవుతుంది, ఎత్తు లోతవుతుంది. అలవాటైన దృశ్యం కాబట్టి మెదడు దాన్ని సరిచేసుకోవాలని పెనుగులాడుతుంది. తలనొప్పి అందుకే. ప్రొజెక్టర్ల తప్పు ఇసుమంత లేదు. సిగ్గేసింది, ఆ వెంటనే గట్టిగా నవ్వొచ్చింది.

చివరి జత ఆయన చాలాసేపు చూశాడు. క్రేను జత అది.

"ఇందల మావోడు గోతిలో ఉన్నాడు. ఈణ్ణి పైకెక్కించీ బాబూ."

ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి పెట్టాను. ముసలాయన మళ్ళీ వంగాడు. చూపు వదిలాడు. ఉన్నట్టుండి బల్ల అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు అలల మీద నిలబడ్డ మనిషి పడిపోతాననుకుని పట్టుకున్నాడు! తరవాత తలెత్తకుండానే కొడుకుని అడిగాడు.

"నడుంకి తాడు కట్టుకుంటన్నావేట్రా?"

"కేబినుంది గదయ్యా. ఎక్కీటప్పుడు బెల్టు ఉంటాది" అన్నాడు నూకరాజు.

"దినామూ ఎక్కుతన్నావా?"

"దినామూ ఎక్కుతన్నానయ్యా."

మసేను కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి వంగాడు. నూకరాజు మొహం చూస్తే నాకు పట్టరాని సంతోషం కలిగింది. మూర్తిగారు పదిన్నరకి వచ్చి, మార్చి పెట్టిన పదకొండు జతలూ తెర మీద చూసి, తలనొప్పి లేదని ప్రకటించారు.

షో మూడు విడతలుగా నడిచింది, కళ్ళజోళ్ళు అరవయ్యే ఉన్నాయి కాబట్టి. కొలిమి తెరుచుకున్న బొమ్మ పడితే ముందు వరసలో ఆడవాళ్ళు చెంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తమ మనుషుల హెల్మెట్లు గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలిచారు. క్రేను బొమ్మ పడగానే హాలంతా ఒకేసారి కుర్చీల్లో వెనక్కి ఒరిగింది. మసేను మూడు విడతలూ చూశాడు. ప్రతిసారీ అక్కడ లేచి నిలబడి, తెరకి తన నీడ అడ్డం పడుతున్నా లెక్కచేయకుండా ఒకే మాట చెప్పాడు.

"అదిగో, ఆ డబ్బాలో ఉన్నోడు మావోడు. కిందకి సూడకండి, కళ్ళు తిరుగుతాయి."

కుర్చీ ఉద్యోగం అన్న మాట ఆ తరవాత హార్బర్‌లో వినపడలేదని నూకరాజు చెప్పాడు. దాని బదులు ముసలాయన కొడుకు కూర్చునే ఎత్తుని వారానికో అంతస్తు చొప్పున పెంచుకుంటూ పోయాడట. నేను విన్న చివరిసారికి అది పన్నెండో అంతస్తులో ఉంది.

ఆ ఉదంతం తరవాత సెక్షనులో మూడు మార్పులు చేశాను. ఎడమ, కుడి గుర్తులు కెమెరాల మీద నుంచి తీసేసి, ఆటోనగర్ పట్టీ మీదే ఉలితో చెక్కించాను. ప్రతి జతలోనూ ఎడమ బొమ్మలోనే కనబడేలా కెమెరాలు బిగించాక ఎడమ కటకం అంచున ఒక ఎర్ర దారం ముక్క అంటించే పద్ధతి పెట్టాను. మూడోది, ఏ స్టీరియో జతా దాన్ని తీసినవాడి తనిఖీ ఒక్కదానితోనే బయటికి పోకూడదని రాసుకున్నాను. ఇంకొకరు చూసి సంతకం చేయాలి. అందుకు ఒక రిజిస్టరు తెరిచాను. మొదటి వరసలో ఆ ముప్పై రెండు జతల వివరం, ఎదురుగా మసేను వేలిముద్ర. తనిఖీ చేసినవారి హోదా అనే గడిలో 'వలల పని, ఫిషింగ్ హార్బర్' అని నేనే రాశాను.

రెండేళ్ళ తరవాత శాఖాపరమైన తనిఖీకి వచ్చిన అధికారి ఆ గడి కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఈ వ్యక్తికి ఈ పనిలో అర్హత ఏమిటో రాతపూర్వకంగా తెలపమన్నాడు. తెలిపాను. "సదరు వ్యక్తి తప్పున్న పదకొండు జతలనూ గుర్తించెను. అవి తీసినది నేను. నేను ఒక్కటీ గుర్తించలేదు." ఆయన దాని కింద 'చూడబడినది' అని సంతకం చేసి వెళ్ళాడు. నేను రిటైరయ్యేదాకా ఆ నియమం మారలేదు.